ముప్పాతిక గ్లాసు దాకా ఆగండి

బీరు గురించి రేడియోలో మాట్లాడటమేమిటని ఈపాటికే కొందరు పెద్దవాళ్ళ చెయ్యి మీట వైపు వెళ్ళి ఉంటుంది. ఒక్క నిమిషం ఆగండి. తాగమని చెప్పడానికి నేను రాలేదు. రుచి చూసి, లోపం ఎక్కడుందో పట్టుకుని, మార్కులు వేయడమనే పని ఒకటుంది. ఇక్కడ ఉత్తర కాలిఫోర్నియాలో, ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళ పోటీల్లో నేను ఆ పని చేస్తుంటాను. ఆ పని సంగతులే చెబుతాను. ఇరవై ఒకటి నిండనివాళ్ళూ, ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్ళాల్సినవాళ్ళూ వింటే చాలు, ఆచరణలో పెట్టనక్కర్లేదు.

ఇవాళ్టి విషయం ఆంబర్ ఏల్ అనే ఎర్రబారిన బీరు. అందులోనూ బ్రూపబ్‌లో, అంటే వెనక గదిలో తయారుచేసి ముందు గదిలో పోసే చోట, దొరికే ఆంబర్ ఏల్.

బ్రూపబ్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది చెక్కపలక మీద నాలుగైదు చిన్న గ్లాసులు పెట్టి ఇచ్చే ‘ఫ్లైట్’ తెప్పించుకుంటారు. వరసగా ఒక్కో గుక్క వేసి, ఇది బాగుంది, ఇది ఫరవాలేదు, ఇది వద్దు అనేస్తారు. తీర్పు అయిపోయింది. ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువ అన్యాయమైపోయేది ఆంబరే. మంచి ఆంబర్ అయితే పక్కనున్న ఐపీఏ అనే బాగా చేదు ఏల్ ముందు నోరు మెదపదు, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. తీపి ఎక్కువై జిగటగా ఉన్న చెడ్డ ఆంబర్ మాత్రం రెండు గుక్కల్లో ‘అబ్బ, ఎంత బాగుందో’ అనిపించుకుని నెగ్గుకొస్తుంది. పోటీ బల్లల దగ్గర కూడా ఇదే బాధ. మాకు పోసేది రెండు మూడు ఔన్సులు, అంటే అరవై నుంచి తొంభై మిల్లీలీటర్లు. ఈ బీరు పుట్టింది పింట్ గ్లాసు కోసం, 473 మిల్లీలీటర్ల కోసం. అందుకే నా వాదన ఏమిటంటే, ఆంబర్‌ని గుక్కతో కొలవకూడదు. గ్లాసు ముప్పాతిక ఖాళీ అయ్యేదాకా ఆగి అప్పుడు నోరు విప్పాలి. నలుగురూ ఒప్పుకోకపోవచ్చు. కారణాలు చెబుతాను.

ముందు దీని పుట్టుక. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. నిషేధం ఎత్తేశాక కూడా తయారుచేసిన చోటే పోసి అమ్ముకునే చిన్న కొట్లు తిరిగి రాలేదు. చట్టాలు అడ్డం. దశాబ్దాల పాటు దేశమంతటా పెద్ద కంపెనీల లేత పసుపు లాగర్ బీరే రాజ్యమేలింది. 1976లో జాక్ మెకాలిఫ్ అనే ఆయన సోనోమాలో న్యూ ఆల్బియన్ అని ఒక చిన్న బ్రూవరీ మొదలుపెట్టాడు. నౌకాదళంలో ఉండగా స్కాట్లండ్‌లో పనిచేసి, అక్కడి ఏల్ రుచి మరిగినవాడు. పాత సామాను ఏరుకొచ్చి సొంత చేతులతో బిగించుకున్నాడు. 1982కల్లా అది మూతపడింది. కాని ఆ సామానూ, ఆ ఈస్టూ, అక్కడ పనిచేసిన డాన్ బార్క్లీ అనే బ్రూవరూ వృథా పోలేదు. 1983లో మెండసీనో జిల్లాలో, హైవే 101 పక్కన హాప్‌లాండ్ అనే చిన్న ఊళ్ళో మెండసీనో బ్రూయింగ్ కంపెనీ బ్రూపబ్ తెరిచింది. నిషేధం తర్వాత కాలిఫోర్నియాలో మొదటి బ్రూపబ్ అదే. ఆ ఊరి పేరు చూడండి. ఒకప్పుడు చుట్టూ, బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ తోటలు ఉండేవి, అందుకే ఆ పేరు. తోటలు పోయాయి, పేరు మిగిలింది, బీరు తిరిగొచ్చింది.

అక్కడ పోసిన రెడ్ టెయిల్ ఏల్ నుంచే ఈ ఎర్రబారిన ఏల్స్ వంశం విస్తరించిందని చెప్పుకుంటారు. ఇందులో మనవైపు ముడి ఒకటుంది. 1997లో బెంగళూరుకు చెందిన విజయ్ మాల్యా యూబీ గ్రూపు ఆ కంపెనీలో పెత్తనానికి సరిపడా వాటా కొంది. అమెరికాలో మన రెస్టారెంట్లకు వెళ్ళే కింగ్‌ఫిషర్ సీసాలు కూడా వాళ్ళ చేతుల్లోనే తయారయ్యేవి. 2018 జనవరిలో కంపెనీ మూతపడింది. హాప్‌లాండ్‌లో మొదలైన కథ బెంగళూరు మీదుగా తిరిగి అలా ఆగింది.

ఆంబర్ అన్న పేరు ఎందుకొచ్చిందంటే, ఆ రోజుల్లో బ్రూపబ్‌కి వచ్చేవాళ్ళకు ఏల్ అంటే ఏమిటో తెలియదు. పేల్, ఆంబర్, డార్క్ అని రంగుల వరసలో రాస్తే వేలు పెట్టి చూపించి అడగడం తేలిక. ఆంబర్ మధ్యలోది. మరీ చేదు కాదు, మరీ నలుపు కాదు. ఏం అడగాలో తెలియనివాడు మధ్యది అడుగుతాడు గనక ఇది బాగా అమ్ముడుపోయింది. ఆ అమ్ముడుపోవడమే తర్వాత దీనికి చెడ్డపేరు కూడా తెచ్చింది. ‘అదా, కొత్తవాళ్ళు తాగేది’ అని.

ఇక లోపల ఏముందో చూద్దాం. రాగి మాల్ట్ మీకు తెలుసు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తాం. మొలకెత్తినప్పుడు గింజలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుట్టుకొస్తాయి. బార్లీ మాల్ట్ సూత్రమూ అదే. ఆంబర్‌లో ఎక్కువ భాగం ఈ మామూలు లేత మాల్టే. రంగునీ తీపినీ ఇచ్చేది కొంచెంగా వేసే క్రిస్టల్ మాల్ట్. దాని తయారీ వేరు. మొలకెత్తిన గింజని ఎండబెట్టకుండా తడిగా ఉండగానే, మూసిన డ్రమ్ములో 65, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచుతారు. పిండి పొట్టు లోపలే చక్కెర నీరుగా మారిపోతుంది. అప్పుడు వేడి పెంచి వేయిస్తారు. లోపలి చక్కెర పాకమై, చల్లారాక గాజులా గట్టిపడుతుంది. ఒక గింజ కొరికి చూస్తే కరకరలాడుతూ పాకం రుచి తగులుతుంది. ఇందులో కొన్ని చక్కెరల్ని ఈస్టు తినలేదు. అవి బీరులో మిగిలిపోయి తీపినీ, ఒంటినీ, అంటే నోట్లో చిక్కదనాన్నీ, ఇస్తాయి.

ఎంత వేయించారన్నదాన్ని బట్టి క్రిస్టల్ మాల్ట్‌కి లోవిబాండ్ అంకెలుంటాయి. నలభై, అరవై, ఎనభై, నూట ఇరవై. జోసెఫ్ లోవిబాండ్ అనే ఆంగ్ల బ్రూవర్ 1880ల్లో రంగుటద్దాల ముక్కలతో బీరు రంగు కొలిచే పద్ధతి కనిపెట్టాడు. సాలిస్‌బరీ చర్చి కిటికీల రంగుటద్దాలు చూసి ఆ ఆలోచన తట్టిందని కథ. నిజమో కాదో గాని అందమైన కథ. నలభై దగ్గర లేత పాకం. ఎనభై దగ్గర ముదురు పాకం. నూట ఇరవై దగ్గర ఎండుద్రాక్ష, ఖర్జూరం, ఇంకాస్త అయితే మాడు. బ్రూవర్ చెయ్యి జారేది ఇక్కడే. రంగు కోసమని ముదురు మాల్ట్ గుమ్మరిస్తే రంగు ఘనంగా వస్తుంది, రెండో సగం గ్లాసు తాగలేం.

తీపికి కళ్ళెం హాప్స్ చేదు. కాలిఫోర్నియా ఆంబర్‌కి తగిన హాప్ అంటే నా ఓటు కాస్కేడ్‌కే. 1972లో ఒరెగాన్‌లో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు విడుదల చేసిన రకం. దాని వాసన పంపరపనస తొక్క గిల్లితే వచ్చే వాసన. మరిగే గంటలో మొదట్లో వేస్తే చేదు దిగుతుంది, చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది. ఏల్ ఈస్టు 18, 20 డిగ్రీల దగ్గర పనిచేసి పక్కకు తప్పుకుంటుంది. ఈ శైలిలో దాని సొంత గొంతు పెద్దగా వినపడకూడదు.

ఇప్పుడు మార్కుల సంగతి. బీరు జడ్జీలకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అమెరికాలో ఒకటుంది, బీజేసీపీ అంటారు. 1985 నుంచి నడుస్తోంది. దాని కాగితం మీద మొత్తం యాభై మార్కులు. వాసనకు పన్నెండు, చూపుకు మూడు, రుచికి ఇరవై, నోటికి తగిలే తీరుకు అయిదు, మొత్తం మీద అభిప్రాయానికి పది. రంగు పేరే ఒంటి పేరుగా పెట్టుకున్న బీరుకి రంగుకు దక్కేది ఆ మూడు మార్కుల్లో ఒక భాగం! తేటదనం, నురగ కూడా ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. నాకైతే ఇది న్యాయంగానే తోస్తుంది. ఎర్రగా మెరిసే ప్రతిదానికీ చప్పట్లు కొట్టే కళ్ళు మనవి. వాటి చేతికి ఎక్కువ మార్కులు ఇవ్వకపోవడమే మంచిది.

అదే సంస్థ ఈ శైలికి గీసిన హద్దులు కూడా చెప్పాలి. ఆల్కహాల్ 4.5 నుంచి 6.2 శాతం. చేదు 25 నుంచి 40 యూనిట్లు. పులియకముందు ద్రావణం సాంద్రత 1.045 నుంచి 1.060, అంటే చక్కెర కరిగి ఉండటం వల్ల నీటికన్నా నాలుగున్నర నుంచి ఆరు శాతం బరువు. పులిసి ముగిసేసరికి 1.010, 1.015 మధ్యకు దిగాలి. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఈ మధ్య మా వైపు ఒక బ్రూపబ్‌లో ఆంబర్ రుచి చూశాను. గోడ మీది పలకలో 5.2 శాతం అని రాశారు. దాన్నే దగ్గర పెట్టుకుని మాట్లాడదాం.

గ్లాసు ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించి తెస్తానంటే వద్దనండి. చల్లదనంలో వాసన చచ్చిపోతుంది, నాలుక మొద్దుబారుతుంది. కుళాయి నుంచి మామూలుగా 3, 4 డిగ్రీల దగ్గర వస్తుంది. ఆంబర్ మాట్లాడేది 7 నుంచి 10 డిగ్రీల మధ్య. కాసేపు ఆగాలి, లేదా అరచేతుల్లో పట్టుకోవాలి. గ్లాసు లోపలి గోడకు బుడగలు వరసగా అతుక్కుని కనిపిస్తే అది సరిగ్గా కడగని గ్లాసు, మార్చమనండి. బీరు దోషం కాదది.

కళ్ళకన్నా ముందు ముక్కుకి పని చెప్పాలి, ఎందుకంటే తేలికపాటి వాసనలు మొదటి నిమిషంలోనే ఎగిరిపోతాయి. నా గ్లాసులో మొదట పంపరపనస తొక్క, ఆ వెనక దోరగా వేగిన రొట్టె అంచు, ఆ కింద పాకం. మంచి వరస. తర్వాత రంగు చూశాను. వెలుతురుకి ఎదురుగా పెడితే ముదురు రాగి రంగు, అంచున ఎరుపు జీర. తేటగా ఉంది. నురగ మీగడ రంగులో వేలెడు మందం నిలబడి, గుక్క గుక్కకీ గ్లాసుకి వలయాలు వదిలింది. మూడుకి మూడు.

వాసనల్లో దోషాలు పట్టుకోవడం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన వస్తే మరిగించడం తక్కువైంది. పచ్చి ఆపిల్ వస్తే ఈస్టు పని పూర్తికాకముందే బీరు తీసేశారు. తడిసిన అట్టముక్క వస్తే గాలి సోకింది, పాతబడింది. ఇవి ఏ బీరుకైనా వర్తిస్తాయి. ఆంబర్‌కి ప్రత్యేకమైన ఉచ్చు డయాసిటైల్. అది వెన్న వాసన. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన. లీటరుకి మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా చాలామంది ముక్కు పట్టేస్తుంది, కొందరికి ఎంతున్నా తెలియదు. లేత లాగర్‌లో అయితే ఇట్టే బయటపడుతుంది. ఆంబర్‌లో పాకం వాసన ఎలాగూ ఉంటుంది గనక, ఆ చాటున నక్కుతుంది. పాకమూ వెన్నా కలిసి టాఫీ బిళ్ళలా మహా మురిపిస్తాయి.

ఇందులో మన తెలుగు నాలుకకు ఒక అదనపు చిక్కు. పప్పన్నంలో నెయ్యి వేసుకుని పెరిగినవాళ్ళం. వెన్న వాసన తగలగానే ‘కమ్మగా ఉంది’ అనడం మనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. మిత్రుల్ని తీసుకెళ్ళినప్పుడు చూస్తుంటాను, దోషమున్న ఆంబర్‌కే మనవాళ్ళు ఎక్కువగా ఓటేస్తారు. నేను కాదంటే ‘నీకు అన్నీ తప్పులే’ అంటారు. అది తప్పెందుకంటే, పని పూర్తవలేదని చెప్పే గుర్తు గనక. ఈస్టు పులియబెట్టేటప్పుడు ఒక పదార్థాన్ని బయటకి వదులుతుంది, అది బీరులో డయాసిటైల్‌గా మారుతుంది. రెండు మూడు రోజులు అదే వెచ్చదనంలో వదిలేస్తే, ఆ ఈస్టే దాన్ని తిరిగి లోపలికి తీసుకుని వాసన లేకుండా చేసేస్తుంది. తన ఎంగిలి తనే కడుక్కునే పనిమంతురాలు ఈస్టు. కాని బ్రూపబ్‌లో ట్యాంకులు నాలుగో అయిదో ఉంటాయి, శుక్రవారం జనం వస్తారు, ట్యాంకు ఖాళీ కావాలి. ఆ రెండు రోజులూ కోసేస్తారు. వెన్న వాసనలో నాకు వినపడేది ఆ తొందర.

పాకమో వెన్నో తేల్చుకోవడానికి బ్రూవర్ల దగ్గర తేలికైన పరీక్ష ఉంది. కొంచెం బీరు మూత పెట్టిన సీసాలో పోసి, వేడినీళ్ళలో కాసేపు ఉంచి, చల్లార్చి వాసన చూస్తారు. దాక్కున్న డయాసిటైల్ బయటపడుతుంది. మనం బల్ల దగ్గర అంత చేయలేం. గ్లాసు మీద అరచెయ్యి మూసి, ఇంకో చేత్తో వెచ్చబరచి, ఒక్కసారి చెయ్యి తీసి వాసన చూడండి. మింగాక నాలుకని అంగిలికి రాసి చూడండి. నూనె పూసినట్టు జారితే వెన్న. క్రిస్టల్ మాల్ట్ పాకానికి ఆ జారుడు ఉండదు, చివర్లో వేపుడు ఛాయ కూడా ఉంటుంది. నా గ్లాసులో అది పాకమే. బ్రూవర్ తొందరపడలేదు.

వెన్నతో పాటు పులుపు కూడా తగిలిందంటే అనుమానం ట్యాంకు మీద పెట్టకండి, కుళాయి గొట్టం మీద పెట్టండి. గొట్టాల్లో పేరుకునే బాక్టీరియా రెండూ చేస్తుంది. గొట్టాలు రెండు వారాలకొకసారి కడగాలన్నది ఈ రంగంలో పద్ధతి. ఒకచోట, పేరెందుకు లెండి, ఆంబర్ పుల్లగా ఉందని చెబితే ‘మా శైలే అంత’ అన్నారు. రెండు కుళాయిల అవతలి పోర్టర్ బీరు కూడా అదే శైలిలో ఉంది!

ఇక రుచి, ఇరవై మార్కులది. మొదట తీపి రావాలి, అంతలోనే వేగిన రొట్టె రుచి నిండాలి, మింగేటప్పుడు చేదు వచ్చి తీపిని తుడిచెయ్యాలి. తుడిచి వెళ్ళిపోవాలి గాని అక్కడే తిష్ఠ వేయకూడదు. నాలుక పక్కల పిండేసినట్టు వగరు తగిలితే పొట్టులోని టానిన్లు దిగాయని అర్థం, మాల్ట్‌ని వేడినీళ్ళతో మరీ ఎక్కువగా కడిగి పిండుకున్నారు. మామిడి టెంకకు అంటిన వగరు తెలిసినవాళ్ళకు ఇది వెంటనే దొరుకుతుంది. మొదటి పావు గ్లాసులో నా ఆంబర్ ఈ మూడు మెట్లూ చక్కగా దిగింది. అప్పుడే మార్కులు వేస్తే నలభై.

సగం దాటాక మారింది. ఎందుకు మారుతుందో చెబుతాను, నా వాదనకు ఆధారం అదే. గ్లాసు వెచ్చబడేకొద్దీ నాలుకకి తీపి ఎక్కువ తెలుస్తుంది. బుడగలు పోయేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ఆ చిన్న కొరుకుడు పోతుంది, అప్పటిదాకా తీపిని అదుపులో పెట్టిన చేతుల్లో అదొకటి. చివర్లో వేసిన హాప్స్ వాసన ఎగిరిపోయి ఉంటుంది. పైగా ముందు గుక్కల తీపి నోట్లో పోగుపడి ఉంటుంది. నాలుగూ కలిసి, బ్రూవర్ మొదటి పావులో దాచగలిగినదాన్ని మూడో పావులో బయటపెడతాయి. నా గ్లాసులో పాకం వెనక నుంచి ఎండుద్రాక్ష తలెత్తింది. ముదురు క్రిస్టల్ కాస్త ఎక్కువ పడింది. మింగాక పెదాల మీద సన్నగా జిగట. బీరు 1.012 దగ్గర ఆగాల్సింది, 1.016 దగ్గర ఆగిపోయి ఉండాలని నా ఊహ. మాల్ట్ నానబెట్టే నీటి వేడి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఈ తేడా వస్తుంది. 65 దగ్గర నానితే ఈస్టు తినగలిగే చక్కెరలు ఎక్కువై బీరు పొడిగా ముగుస్తుంది, 69 దగ్గర నానితే తినలేనివి మిగిలి ఒళ్ళు బరువెక్కుతుంది.

ఇలా రెండో సగం దెబ్బతిన్న ఆంబర్లే ఈ శైలికి చెడ్డపేరు తెచ్చాయని నా నమ్మకం. జనం ఐపీఏకి, ఆ తర్వాత మబ్బు మబ్బుగా ఉండే హేజీ ఐపీఏకి మళ్ళారు. కొలరాడోలోని న్యూ బెల్జియం వాళ్ళ ఫ్యాట్ టైర్, 1991 నుంచి ఆంబర్ అన్న మాటకి దేశమంతటా గుర్తుగా నిలిచిన బీరు, 2023లో తన పాకాన్ని వదిలి లేత బంగారు రంగుకి మారింది. వ్యాపారం చేసేవాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది. నా మనసు మాత్రం ఒప్పలేదు. బూన్‌విల్‌లోని ఆండర్సన్ వ్యాలీ వాళ్ళ బూంట్ ఆంబర్, ఫోర్ట్ బ్రాగ్‌లో నార్త్ కోస్ట్ వాళ్ళ రెడ్ సీల్, శ్రోతల్లో హ్యూస్టన్‌వాళ్ళుంటే మీ ఊళ్ళోనే సెయింట్ ఆర్నల్డ్ ఆంబర్, ఇవి పింట్ గ్లాసు చివరిదాకా తాగించే తరహావి.

మన భోజనంతో కూడా ఆంబర్‌కి పొత్తు కుదురుతుంది. కారం మీద ఐపీఏ పోస్తే చేదు ఆ మంటని ఇంకా ఎగదోస్తుంది. ఆంబర్ తీపి కొంచెం చల్లారుస్తుంది. కోడి వేపుడు, మటన్ వేపుడు అడుగున అంటుకున్న ఎర్రటి మాడుకీ, వేగిన మాల్ట్‌కీ రుచిలో బంధుత్వం ఉంది, రెండూ వేగడంలో పుట్టినవే. చేపల పులుసుతో మాత్రం వద్దు, చింతపండు పులుపు దగ్గర పాకం వెలితిగా, బెల్లం మరిచిన పానకంలా అయిపోతుంది. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక హైదరాబాదులో కూడా బ్రూపబ్బులు వెలిశాయి. అక్కడ గోధుమ బీరుకే మొగ్గు. ఎండకి అదే సరి అంటారు. వేపుళ్ళు తినే ఊళ్ళో ఆంబర్‌కి ఇంకా గట్టి చోటు ఉండాల్సింది. ‘స్ట్రాంగ్ ఉందా’ అన్నదే మొదటి ప్రశ్న అయిన చోట 5 శాతం బీరు నెగ్గడం కష్టమే అనుకోండి.

సరే, మార్కులు. వాసనకు పన్నెండులో ఎనిమిది. మొదటి నిమిషం పదికి తగ్గదు, హాప్స్ వాసన నిలవలేదు గనక రెండు తగ్గించాను. చూపుకు మూడు. రుచికి ఇరవైలో పదమూడు. నోటికి తగిలే తీరుకు నాలుగు, ఆ జిగటకి ఒకటి కోత. మొత్తం మీద అభిప్రాయానికి ఏడు. కలిపితే ముప్పై అయిదు. ముప్పై నుంచి ముప్పై ఏడు దాకా ‘చాలా బాగుంది’ అన్న తరగతి, ముప్పై ఎనిమిది నుంచి ఆ పై మెట్టు.

కాగితం చివర బ్రూవర్‌కి రాసే చోటు ఉంటుంది. పోటీ కాకపోయినా అలవాటు కొద్దీ చేతి తుడుపు కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర ఇచ్చాను. ‘పులియబెట్టడం శుభ్రంగా ఉంది, వెన్న లేదు, తొందరపడనందుకు సంతోషం. ముదురు క్రిస్టల్ మూడో వంతు తగ్గించండి. మాల్ట్ నానే వేడి ఒక డిగ్రీ దించండి. చివరి కాస్కేడ్‌లో కొంత మరగడం ఆపాక వేసి చూడండి. ఈసారి పోసేటప్పుడు మీరూ ఒక పింట్ తీసుకుని, ముప్పాతిక అయ్యాక మళ్ళీ వాసన చూడండి.’ కౌంటర్ దగ్గరి అమ్మాయి చదువుకుని, వెనక గదిలోకి తీసుకెళ్ళింది.